మోకాళ్ల కింది నేల

ఫిలడెల్ఫియాలోని సెయింట్ జార్జ్ చర్చిని కట్టడం మొదలుపెట్టింది మెథడిస్టులు కాదు, జర్మన్ రిఫార్మ్డ్ సంఘంవాళ్లు. గోడలు లేచేసరికి వాళ్ల డబ్బులైపోయాయి. వేలంలో మతిస్థిమితం లేని ఓ కుర్రాడు 700 పౌండ్లకు పాట పాడేశాడనీ, కొడుకు సంగతి నలుగురిలో చెప్పుకోలేక తండ్రి ఆ సొమ్ము కట్టేసి, 1769లో మెథడిస్టులకు 650కి వదిలించుకున్నాడనీ చెబుతారు. కొన్నవాళ్ల చేతిలోనూ పెద్దగా ఏం లేదు. చాలాకాలం మట్టినేల మీదే ఆరాధన.

ఆ నేలకు తర్వాత చెక్కలు పరిచారు, పైన గ్యాలరీ కట్టారు. అందుకు చందాలిచ్చినవాళ్లలో నల్లవాళ్లూ ఉన్నారు. అబ్సలోమ్ జోన్స్, రిచర్డ్ అలెన్ వాళ్లలో ముఖ్యులు, ఇద్దరూ బానిసత్వం నుంచి బయటపడ్డవాళ్లు. అలెన్ అదే చర్చిలో తెల్లవారుజామున అయిదింటికి ప్రసంగాలు కూడా చేసేవాడు.

పని పూర్తయ్యాక ఒక ఆదివారం వాళ్లను పైన గ్యాలరీలో కూర్చోమన్నారు. అది 1787 అని అలెన్ రాసుకున్నాడు. గ్యాలరీ కట్టిన లెక్కలు చూసిన చరిత్రకారులు 1792 అంటారు. ఏ ఏడైతేనేం, జరిగింది ఒకటే. అందరూ మోకరించి ప్రార్థనలో ఉన్నారు. అలెన్‌కు ఏదో పెనుగులాట వినిపించి తలెత్తి చూశాడు. ఓ ట్రస్టీ జోన్స్‌ను పట్టుకుని పైకి లాగుతున్నాడు, ఇక్కడ మోకరించకూడదంటూ. ప్రార్థన అయిపోయేదాకా ఆగండని జోన్స్ బతిమాలాడు. ట్రస్టీ ఆగలేదు, సాయానికి ఇంకొకణ్ని పిలిచాడు. ఈలోగా ప్రార్థన అయిపోయింది. నల్లవాళ్లందరూ లేచి ఒక్కుమ్మడిగా బయటికి నడిచారు. చెక్కలకిచ్చిన చందా అక్కడే ఉండిపోయింది.

బయటికొచ్చాక ఇద్దరి దారులూ వేరయ్యాయి. సొంత చర్చి కట్టుకున్నవాళ్లలో ఎక్కువమంది మెథడిస్టులతో ఇక చాలన్నారు. అలా పుట్టిన సెయింట్ థామస్ సంఘం ఎపిస్కోపల్ చర్చిలో చేరింది. జోన్స్ ఆ శాఖలో తొలి నల్లజాతి ప్రీస్టు అయ్యాడు. డయోసిస్ సమావేశంలో మాత్రం ఆ సంఘానికి ఓటు ఇవ్వలేదు, అది వేరే కథ. అలెన్ మాత్రం, మెడ పట్టి గెంటినంత పని చేసినా, సాదా మాటల మెథడిస్టు బోధనే తనవాళ్లకు నప్పుతుందన్నాడు. ఓ పాత కమ్మరి కొట్టాన్ని కొని, గుర్రాలతో తన స్థలానికి లాగించి, బాగుచేయించి చర్చి చేశాడు. దానిపేరు బెతెల్. 1794 జులైలో, సెయింట్ థామస్ తర్వాత రెండు వారాలు తిరక్కుండానే దాన్నీ ప్రతిష్ఠించారు.

1796లో బెతెల్ కాగితాలు రాసిపెట్టింది మెథడిస్టు పెద్దలే. తీరా చూస్తే ఆస్తి బెతెల్‌వాళ్ల చేతిలో లేదు, మెథడిస్టు కాన్ఫరెన్స్ చేతిలో ఉంది. స్థలం అలెన్‌ది, కొట్టం అలెన్‌ది, సంతకం పెట్టిన పాపమూ అలెన్‌దే. సెయింట్ జార్జ్ పెద్దలు అజమాయిషీకి దిగారు. గొడవలు ముదిరి 1815లో చర్చి వేలానికొచ్చింది. తాను నిలబెట్టిన చర్చిని అలెన్ 10,125 డాలర్లకు పాట పాడి మళ్లీ కొనుక్కున్నాడు. సెయింట్ జార్జ్‌కు వచ్చినట్టు ఆయనకు చవకబేరం రాలేదు.

అక్కడితో అయిపోలేదు. ఆ సంఘం మా కిందే, ప్రసంగం మేమే చేస్తామంటూ సెయింట్ జార్జ్ నుంచి ఎల్డరు బయల్దేరాడు. వస్తున్నట్టు ముందే చాటింపు వేశాడు కూడా. ఆయనొచ్చేసరికి పుల్పిట్‌లో బెతెల్ ప్రసంగీకుడు ఉన్నాడు. నడవా నిండా జనం. ఎల్డరు సగందాకా వచ్చి ఆగిపోయాడు. ఒక్కరూ ఆయన మీద చెయ్యి వేయలేదు. ఒక్కరూ పక్కకు జరగలేదు. కాసేపు చూసి వెనుదిరిగాడు.

ఈ వ్యవహారం కోర్టుకెక్కింది, 1816లో బెతెల్ గెలిచింది. ఇన్నేళ్లలో కోర్టు మెట్లెక్కి, దేవుడి సన్నిధిలో తనకు చోటివ్వలేదని మొర పెట్టుకున్నది జోన్స్ కాదు, అలెన్ కాదు. ఆ ఎల్డరు.