కిడ్నీ నాన్నగారిది, నిర్ణయం మనది

గ్యాస్ నొప్పేమోనని కడుపు స్కానింగ్ తీయిస్తే కుడి కిడ్నీలో మూడు సెంటీమీటర్ల గడ్డ కనబడింది. కిడ్నీ క్యాన్సర్లు చాలావరకు ఇలా వేరే పని మీద వెళ్లినప్పుడే బయటపడతాయి. గడ్డ సంగతి డాక్టర్లు చూసుకుంటారు. నాన్నగారిని ఈ వ్యవహారంలోంచి తప్పించే పూచీ మాత్రం మీదే. కొడుకులు, అల్లుళ్లు, డల్లాస్‌లో ఉన్న మేనల్లుళ్ల సౌకర్యార్థం ఈ చిట్కాలు.

1. రిపోర్టు మీ బ్యాగులోనే ఉంచండి

అడిగితే "చిన్న నీటిబుడగ నాన్నా" అనండి. ఆయన ముప్పై ఏళ్లు హెడ్మాస్టరుగా చేసినా, ఆస్పత్రి గేటు మీద గజం అక్షరాలతో రాసిన 'క్యాన్సర్' అన్న మాట చదవలేరని గట్టిగా నమ్మండి. రికార్డులు కావాలని రోగి అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని 2002 నాటి వైద్యమండలి నిబంధనల్లో ఉంది. ఆ ముక్క ఆయన చెవిన పడకూడదు.

2. డాక్టరు గదిలోకి ముందు మీరు దూరండి

బీపీ చూసే సిస్టర్ దగ్గర ఆయన్ని కూర్చోబెట్టి, మీరు లోపలికెళ్లి "సార్, ఆయనకేమీ చెప్పొద్దు, తట్టుకోలేరు" అనండి. 1977 దివిసీమ ఉప్పెనలో ఇల్లూ గొడ్డూ పోతే మళ్లీ మొదట్నుంచి కూడబెట్టుకుని, ఇద్దరు చెల్లెళ్ల పెళ్లిళ్లు చేసిన మనిషే. అయినా మూడు సెంటీమీటర్లు తట్టుకోలేరు.

తర్వాత ఆయన్ని పిలిచినప్పుడు డాక్టరు ఏమడిగినా జవాబు మీరే చెప్పండి. ఆకలి ఎలా ఉందన్నా సరే.

3. దారి ఒక్కటేనని చెప్పండి

"కిడ్నీ తీసేయాలట" అంటే చాలు. నాలుగు సెంటీమీటర్ల లోపు గడ్డయితే, వీలున్న చోట గడ్డ మేరకే కోసి మిగతా కిడ్నీని కాపాడతారని చెప్పకండి. కొందరికి సూది గుచ్చి గడ్డను మాడ్చే పద్ధతి ఉందనీ, వయసు మీరినవాళ్లకీ వేరే జబ్బులున్నవాళ్లకీ ఎప్పటికప్పుడు స్కానింగ్ తీస్తూ కనిపెట్టి ఉండటం కూడా వైద్యమేననీ అసలే చెప్పకండి. ఇంత చిన్న గడ్డల్లో సుమారు ఐదింట ఒకటి క్యాన్సర్ కాదనే తేలుతుందన్న సంగతి కూడా మింగేయండి.

ఇవన్నీ తెలిస్తే ఆయన ఊరుకోరు. "నాకు ఇరవై ఏళ్లుగా షుగరుంది కదా, ఒకటి మొత్తంగా తీసేస్తే రెండోది లాక్కొస్తుందా? నా క్రియాటినిన్ ఎంత? బయాప్సీ చేస్తే ముందే తెలుస్తుందా? ఆర్నెల్లు ఆగితే ఏమవుతుంది?" అని వరసగా అడుగుతారు. నాలుగూ డాక్టరు జవాబు చెప్పాల్సిన ప్రశ్నలే. అందుకే అవి ఆ గది దాకా రాకూడదు.

4. బంధుమండలిని సమావేశపరచండి

'నాన్న హెల్త్' అని వాట్సాప్ గ్రూపు పెట్టండి. అందులో నాన్నగారు తప్ప అందరూ ఉండాలి. నెల్లూరు బావగారు "కీమో ఎప్పుడు మొదలు?" అంటారు. కిడ్నీ క్యాన్సర్‌కి మామూలు కీమో పెద్దగా పనిచేయదనీ, జబ్బు పాకితే ఎక్కువగా టార్గెటెడ్ మాత్రలూ ఇమ్యునోథెరపీ ఇంజెక్షన్లూ వాడతారనీ ఆయనకి చెప్పి నొప్పించకండి. పెద్దత్తయ్య పసరు మందు పంపుతుంది. అది కిడ్నీని ఏం చేస్తుందో డాక్టరునడిగితే అత్తయ్యకి కోపమొస్తుంది, కాబట్టి అడక్కండి.

5. "బాగానే ఉన్నారు సార్"

ఒకవేళ జబ్బు ఊపిరితిత్తుల దాకా పోయి సునిటినిబ్ లాంటి మాత్రలు రాశారనుకోండి. వాటితో అరచేతులు, అరికాళ్లు మండి పొక్కవచ్చు. నీరసం, విరేచనాలు, నోటిపూత రావచ్చు, బీపీ పెరగవచ్చు. ఆ బాధ ఎంతో చెబితే డాక్టరు మోతాదు తగ్గించడమో, కొన్నాళ్లు ఆపడమో, మందు మార్చడమో చూస్తారు. మీరు మాత్రం పై వాక్యమే చెప్పండి. బొబ్బలెక్కిన అరికాళ్లతో నడుస్తున్నది మీరు కాదు కదా.

ఆయన ఎప్పుడైనా "ఎన్నాళ్లు బతుకుతానన్నది తర్వాత, మాఘమాసంలో మనవరాలి పెళ్లికి కూర్చోగలనా?" అన్నారంటే వెంటనే టీవీ పెట్టండి. ఆ మాట డాక్టరు విన్నారంటే పెళ్లి తేదీ చూసి మందుల తేదీలు ఆలోచిస్తారు. రోగి కోరికను బట్టి వైద్యం నడిచే ప్రమాదం ఉంది.

6. సంతకం మీరే పెట్టేయండి

సమీరా కోహ్లీ కేసులో 2008లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఒకటి అడ్డొస్తుంది. మత్తులో ఉన్న కూతురి ఆపరేషన్‌కి తల్లి ఒప్పుకున్నా అది చెల్లదనీ, ప్రాణాపాయమేమీ లేనప్పుడు ఆమెకి మెలకువ వచ్చాక ఆమెనే అడగాలనీ చెప్పింది. తల్లి మాటే చెల్లనప్పుడు పెద్దకొడుకు సంతకం మాత్రం ఎలా చెల్లుతుందని ఆలోచించకుండా పెన్ను తీయండి.

7. పొలం దగ్గర మాత్రం ఆయన్ని ముందుంచండి

ఇంత ఖర్చుకి ఎకరం అమ్మక తప్పదు. పొలం ఆయన పేరున ఉంది. సబ్‌రిజిస్ట్రారు ఆఫీసులో "మా నాన్నగారు తట్టుకోలేరు, నేను పెడతాను సంతకం" అంటే ఒప్పుకోరు. ఆధార్ చూస్తారు, ఫోటో తీస్తారు, వేలిముద్ర వేయిస్తారు. కారు అద్దెకి మాట్లాడి ఆయన్ని భద్రంగా తీసుకెళ్లండి. దస్తావేజు చదివి వినిపించండి, అర్థమైందో లేదో రెండుసార్లు అడగండి, తొందరపెట్టకండి. అమ్మేది ఆయన ఆస్తి కదా, ఆయనకి తెలియకుండా అంగుళం కూడా పోకూడదు.