హీటరు లేని కాలంవాడు

ఇంగ్లండులో ఎండ కాస్త మొహం చూపించే మే నెలలో పాత లారీలు షెడ్లలోంచి బయటికొస్తాయి. వాటి వెంట పాత డ్రైవర్లూ వస్తారు. లండన్ నించి బ్రైటన్ దాకా సాగే పాత బళ్ల ఊరేగింపు 1962లో మొదలైంది. అంతదూరం పోనక్కర్లేదు. లాంకషైర్, చెషైర్ వైపు వేసవి ఆదివారాల్లో ఏదో ఒక ఊరి మైదానంలో, కొత్తగా రంగులు వేయించుకున్న ముసలి లారీలు బారులు తీరి కనిపిస్తాయి. మన కథానాయకుడు ఉండేది అక్కడే.

గుర్తుపట్టడం తేలిక. వయసు ఎనభైకి అటూ ఇటూ. నెత్తిన గళ్ల టోపీ, చంకలో ఫ్లాస్కు. నాలుగడుగుల వెనక మడతకుర్చీలో ఆయనగారి భార్య, ఒళ్లో ఊలు ఉండ, మొహాన ఇవన్నీ వెయ్యిసార్లు విన్న మనిషి శాంతం. ఫోటోలు తీసుకునేవాళ్లందరూ లారీకి ఎదురుగా నిలబడితే ఈయన పక్కకెళ్లి, క్యాబిన్ తలుపు మీద చెయ్యేసి నిలబడతాడు. మీరు మర్యాదకి "బండి భలే ఉందండీ" అన్నారా, ఇక ఆ పూటకి దొరికిపోయినట్టే.

"భలేగా ఉందా? అబ్బాయ్, దీంట్లో హీటరు లేదు తెలుసా!"

మా అబ్బాయి అమెరికాలో డాక్టరు అన్నంత గర్వంగా అంటాడు ఆ మాట. హీటరు కావాలంటే ఓనరు విడిగా డబ్బు కట్టి పెట్టించుకోవాల్సిన రోజులవి. డ్రైవరు కాళ్ల కోసం డబ్బు కట్టే ఓనరు ఇంగ్లండులో ఇంకా పుట్టలేదు. ఇంజను క్యాబిన్ మధ్యలో, డ్రైవరుకి ఎడంపక్క మూత కింద కూర్చుని ఉండేది. కుడిపక్క తలుపు సందులోంచి చలిగాలి. అందుచేత ఎడమకాలు వేగిపోయేది, కుడికాలు గడ్డకట్టేది. "రెండూ కలిపి చూస్తే హాయిగానే ఉండేదిలే," అంటాడు. పవర్ స్టీరింగు లేదు. గేర్లు మార్చాలంటే క్లచ్ రెండుసార్లు తొక్కి, ఇంజను చప్పుడు విని, సరిగ్గా ఆ క్షణం పట్టుకోవాలి. క్షణం తప్పిందా, గేరుబాక్సు పెట్టే కేక పక్క ఊరికి వినిపించేది. లారీలకి మార్కులు వేసే పద్ధతి ఈయనకి ఒకటుంది: ఎంత ఏడిపిస్తే అంత మంచి లారీ.

దేవుడి విషయంలో ఈయనకి పెద్ద పట్టింపు లేదు గానీ, మాంచెస్టర్ పక్కన పాట్రిక్రాఫ్ట్‌లో తయారైన గార్డ్‌నర్ ఇంజను పేరెత్తితే మాత్రం టోపీ సర్దుకుంటాడు. 1958లో వచ్చిన 6ఎల్ఎక్స్ అనే రకం పదిన్నర లీటర్ల ఇంజను. దాని బలమెంతయ్యా అంటే 150 హార్స్‌పవరు. 1966లో దాన్ని 180కి పెంచితే అదే గొప్ప. ఇవాళ్టి లారీలకి 500 ఉంటోందని మీరు నోరు జారకూడదు. "హార్స్‌పవరు ఎవడిక్కావాలి? అది ఆగదు. అదీ సంగతి," అంటాడు. నిజమే. తక్కువ డీజిలు తాగి, ఏళ్ల తరబడి నడిచే ఇంజను అని ఓనర్లు దానికోసం నెలల తరబడి వరసలో కాచుకున్నారు. ఫోడెన్, ఈఆర్ఎఫ్, అట్కిన్సన్, స్కామెల్, గై, ఏ బండి మూత ఎత్తినా లోపల గార్డ్‌నరే కూర్చుని ఉండేది. నిలబెట్టి ఉంచినప్పుడు అది కొట్టుకునే తీరు వినాలి. ఒక దెబ్బకీ ఇంకో దెబ్బకీ మధ్య ఆగిపోయిందేమోనని మనకి కంగారు పుడుతుంది. ఆయనకి పుట్టదు. కళ్లు మూసుకుని, పెదాలు కదుపుతూ దెబ్బలు లెక్కపెట్టుకుంటాడు.

దూరాన ఏ బండి వస్తున్నా చూడకుండా పేరు చెప్పడం ఈయన విద్యల్లో ఒకటి. "ఏఈసీ," అంటాడు వీపు తిప్పకుండానే. వచ్చేది ఏఈసీయే. లండన్ ఎర్రబస్సులు చేసిన సౌతాల్ ఫ్యాక్టరీ బండి. కామర్ అయితే చెవిటివాడైనా చెప్పగలడు. దాని టూ-స్ట్రోక్ ఇంజనులో మూడే సిలిండర్లు, పిస్టన్లు మాత్రం ఆరు. ఒక్కో సిలిండరులో రెండేసి ఎదురెదురుగా దూసుకొచ్చి, ఢీకొనేలోపు వెనక్కి తగ్గుతాయి. ఆ రొదకి మైదానంలో పిల్లలు చెవులు మూసుకుంటారు. ముసలాళ్లు మాత్రం టీ కప్పులు పక్కన పెట్టి చెవులు రిక్కిస్తారు.

ఫోడెన్ గొప్పదా, ఈఆర్ఎఫ్ గొప్పదా అన్న ప్రశ్న మాత్రం ఆయన ముందు వెయ్యకండి. రెండూ చెషైర్‌లోని సాండ్‌బాచ్ అనే ఒకే ఊరివి. ఒకే ఇంటివి కూడా. ఫోడెన్ కంపెనీ ఆవిరి బళ్లనే పట్టుకుని వేలాడుతుంటే, ఇక లాభం లేదు డీజిలుదే కాలమని ఆ ఇంటి కొడుకు ఎడ్విన్ రిచర్డ్ ఫోడెన్ బయటికొచ్చి, తన పేరులోని పొడక్షరాలతో 1933లో ఈఆర్ఎఫ్ మొదలుపెట్టాడు. కొన్నాళ్లకి ఫోడెన్ వాళ్లూ డీజిలుకి దిగక తప్పలేదు. ఇంటి తగాదా వాళ్లు మర్చిపోయినా డ్రైవర్లు మర్చిపోలేదు. 2006లో ఫోడెన్, 2007లో ఈఆర్ఎఫ్ పేరు కూడా మిగలకుండా పోయాయి. అయినా మైదానంలో ఫోడెన్ ముసలాయన, ఈఆర్ఎఫ్ ముసలాయన ఒకే బల్ల మీద కూర్చుని ఇవాళ్టికీ ఒకరివైపొకరు తిరగరు.

ఇక షాప్. అంటే దుకాణం అనుకునేరు, కొండ. మోటార్‌వే రాకముందు లాంకషైర్ వైపు నించి స్కాట్లండుకి సరుకు తోలాలంటే కెండల్ దాటి, ఏ6 రోడ్డు మీద ఆ కొండ ఎక్కి దిగాల్సిందే. ఎత్తు సుమారు 1,400 అడుగులు. మన ఘాట్ రోడ్లు చూసినవాళ్లకి అదేం ఎత్తు అనిపిస్తుంది. కానీ నిండు లోడుతో, 150 హార్స్‌పవరుతో, జనవరి రాత్రి, హీటరు లేకుండా ఎక్కాలి. మంచులో ఇరుక్కుని రాత్రంతా కొండమీదే గడిపిన డ్రైవర్లు ఎందరో. కొండ మొదట్లో జంగిల్ కేఫ్ అని ఒకటుండేది. అక్కడ టీ తాగి ధైర్యం తెచ్చుకుని ఎక్కేవాళ్లు. 1970లో ఎం6 మోటార్‌వే పక్కనించి పోయాక ఏ6 ఖాళీ అయింది. శిఖరం మీద ఆ డ్రైవర్లనీ, ఆ బళ్లనీ తలుచుకుంటూ ఒక స్మారక శిల నిలబెట్టారు. లారీ డ్రైవర్లకి శిలాఫలకం వేయించిన దేశం ఏదైనా నాకు గౌరవమే.

ఈయన షాప్ కథ నేను విన్నప్పుడు మంచు మోకాళ్ల దాకా ఉంది. పక్కన ఇంకో పెద్దాయన వచ్చి చేరేసరికి నడుం దాకా వచ్చింది. ఆ పెద్దాయన కూడా షాప్ తోలినవాడేనని తేలాక క్యాబిన్ పైకప్పు మునిగిపోయింది. కుర్చీలో ఆవిడ వరస పూర్తిచేసి, సూది మార్చుకుంది.

వేగం సంగతి అడక్కండి. ఖాళీబండి బరువే మూడు టన్నులు దాటిన లారీలకి 1957 దాకా చట్టం ఇచ్చింది గంటకి 20 మైళ్లు. తర్వాత దయతలచి 30 చేసింది. కనక దిగుడు రోడ్డు వస్తే గేరు తీసి న్యూట్రల్‌లో వదిలేసేవాళ్లు. స్కాట్లండు వాళ్ల పొదుపు మీద వేళాకోళంగా దానికి ఆబర్డీన్ ఓవర్‌డ్రైవ్ అని పేరు. మన లారీ డ్రైవర్లకి ఈ విద్య ఎవరూ నేర్పక్కర్లేదు. ఇన్ని గంటలే తోలాలని రూలుంటే రాసి చూపించే పుస్తకం ఒకటి, తోలిన పుస్తకం ఒకటి. రాత్రి పడక రోడ్డు పక్క లాడ్జీల్లో, ముందు డ్రైవరు లేచిపోయిన వెచ్చదనం ఇంకా ఆరని మంచం మీద. "హీటరు లేదన్నానుగా, అదే హీటరు," అంటాడు.

నాకు మాత్రం నచ్చింది ఆయన కథలు కాదు, ముడి. కీళ్లవాతంతో వేళ్లు వంకర్లు పోయాయి. చొక్కా గుండీలు ఆవిడ పెట్టాల్సిందే. కానీ జేబులోంచి తాడు ముక్క తీసి లారీ పక్క కొక్కేనికి వేసినప్పుడు ఆ వేళ్లని చూడాలి. తాట్లో ఒక మెలిక, దాని మీదినించి ఇంకో చుట్టు, కిందకి జారిన ఉచ్చు కొక్కెం కిందకి, ఒక్క గుంజు. తాడు వీణ తీగలా మోగింది. డాలీ ముడి. ఎంత గుంజితే అంత బిగుస్తుంది, విప్పాలంటే ఒక్క ఊపు చాలు. టార్పాలిన్ కప్పి, ఇలాంటివి వరసగా వేసి, వర్షంలో లోడు కట్టి, మర్నాడు గ్లాస్గోలో పొడిగా దించేవాళ్లు. "ఇప్పటివాళ్లు తెర లాగి బెల్టు బిగిస్తారు," అన్నాడు. అందులో నిజమైన బాధ ఉంది.

నాది ఇండియా అని తెలిశాక, "మీ దగ్గరా లేలాండులున్నాయటగా?" అన్నాడు. లేకపోవడమేమిటి, 1948లో మద్రాసులో అశోక్ మోటార్స్‌గా మొదలై 1955లో అశోక్ లేలాండ్ అయిందనీ, కామెట్, బీవర్, హిప్పో అన్న మీ పేర్లే మా రోడ్ల మీదా తిరిగాయనీ, లాంకషైర్ ఎక్కడుందో తెలియని బెజవాడ ఆటోనగర్ మెకానిక్కులు లేలాండ్ ఇంజను కళ్లు మూసుకుని విప్పి బిగిస్తారనీ చెప్పాను. 1932లో నిజాం రాజ్యం బస్సులు మొదలెట్టింది గ్లాస్గో ఆల్బియన్లతోనేనని కూడా చెప్పాను. పన్ను వసూలు చేసుకుంటున్నవాడిలా తలూపాడు. చివర్న, లేలాండ్ ఊళ్లో ఫ్యాక్టరీ ఇవాళ్టికీ లారీలు చేస్తున్నా వాటి ముక్కు మీద డాఫ్ అని ఉంటుందనీ, లేలాండ్ అన్న పేరుతో కొత్త లారీ చూడాలంటే ఇండియా రావాల్సిందేననీ అన్నాను. అనకుండా ఉండాల్సింది. చాలాసేపు మాట్లాడలేదు.

"వాటిలో హీటరు ఉంటుందా?"

"మా ఎండలకి హీటరెందుకండీ."

"అయితే మంచి లారీలే," అన్నాడు.

అప్పుడు నోరు విప్పింది ఆవిడ. అరవైల చివర్లో స్వీడన్ నించి వోల్వోలు దిగాయి. వెచ్చటి క్యాబిన్, నడుం నొప్పి పుట్టించని సీటు, కేక పెట్టని గేర్లు. "మొదటి వోల్వో వచ్చిన రోజు తాళంచెవి కోసం తెల్లవారుజామున ఆఫీసు ముందు నిలబడ్డదెవరో అడగండి," అంది సూదుల మీంచి కళ్లెత్తకుండా. ఆయన గార్డ్‌నర్ వైపు తిరిగి, దాని మూత మీద లేని దుమ్ము తుడిచాడు. "రిటైరయ్యేదాకా వోల్వోయే తోలాడు. ఒక్కనాడు కాళ్లు నొప్పులనలేదు."

"అనలేదు," అన్నాడాయన. "అందుకే దాని గురించి చెప్పడానికేమీ లేదు."

మీరెప్పుడైనా లాంకషైర్ వెళితే లేలాండ్ ఊళ్లో కింగ్ స్ట్రీట్‌లో పాత లారీల మ్యూజియం ఉంది, చూడండి. 1982లో పోప్ పర్యటన కోసం లేలాండ్ వాళ్లు చేసిన అద్దాల బండి దగ్గర నిలబడి, దీనికైనా హీటరు పెట్టారా అని ఎవరైనా గొణుగుతుంటే అది ఈయనే. టీ ఇప్పించండి, రెండు చెంచాల పంచదారతో. షాప్ గురించి ఆయన్నడగండి, వోల్వో గురించి ఆవిణ్ణడగండి. వెళ్లేదేదో పొద్దున్నే వెళ్లండి. కొండెక్కి దిగేసరికి మ్యూజియం మూసేస్తారు.