డిసెంబరు 31 రాత్రి భక్తుణ్ణి

నా భక్తి డిసెంబరు 31 రాత్రి పదకొండున్నరకి పొంగుతుంది. ఆ వేళ ఎలా ఉంటుందో మీరూ ఎరుగుదురు. మందిరం కిటకిటలాడుతుంటుంది, వరండాలో కూడా చాపలు పరిచి ఉంటాయి, పళ్ళెంలో వాగ్దానం కార్డులు సిద్ధంగా ఉంటాయి, పన్నెండు కొట్టే వేళకి అందరం మోకాళ్ళ మీద ఉంటాం. ఆ నిమిషంలో దేవుడు అడగాలేగానీ, హిమాలయాలెక్కి సువార్త చెప్పి రావడానికి కూడా నేను సిద్ధం. ఏడాదంతా ఉపవాసం ఉండమన్నా సరేననేవాణ్ణి. తీరా చూస్తే సంక్రాంతి అరిసెలు డబ్బాలో ఉండగానే నా తీర్మానాలు నిండుకునేవి.

నా బైబిలు మూసి అంచు చూస్తే చాలు, సంగతంతా తెలిసిపోతుంది. ముందు భాగం చేతి చెమటకి మాసి నల్లబడి ఉంటుంది. అక్కణ్ణించి కీర్తనల దాకా నిన్ననే కొట్లోంచి తెచ్చినట్టు తెల్లగా మెరుస్తుంటుంది. ప్రతి జనవరిలోనూ ఆదికాండం మొదలుపెడతాను. అబ్రాహాము, యాకోబు, యోసేపు, కథ మీద కథ. అన్నం వేళ కూడా గుర్తుండదు. ఎర్రసముద్రం దాటిస్తాను. తర్వాత ప్రత్యక్ష గుడారం తెరలు, కొలుకులు, దిమ్మలు మొదలవుతాయి. లేవీయకాండం గుమ్మంలోకి వచ్చేసరికి కళ్ళు మూతలు పడతాయి. పాపం ఇశ్రాయేలీయులు నలభై ఏళ్ళు అరణ్యంలో నడిచారు. నేను మాత్రం ఏటా వాళ్ళని సీనాయి కొండ దగ్గరే దిగవిడిచి ఇంటికొచ్చేశాను.

మాది బాప్తిస్టు సంఘం. ఒంగోలు కథ మాకు ఉగ్గుపాలతో అబ్బుతుంది. 1878 జులై 3న, వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో, ఒక్కరోజున 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆరుగురు బోధకులు, ఇద్దరు అలిసిపోతే మరో ఇద్దరు నీళ్ళలోకి దిగుతూ, పొద్దు వాలే దాకా ఇచ్చారు. మైకు చేతికొస్తే ఈ కథ నా నోట పరవళ్ళు తొక్కేది. ఇంకో ఘట్టమైతే మరీ ఇష్టం. 1854 జనవరి 1 తెల్లవారుజామున అమెరికన్ మిషనరీ జ్యూయెట్ దొర, ఆయన భార్య, నెల్లూరు జూలియా, మరో ఇద్దరు, మొత్తం ఐదుగురే, ఒంగోలు కొండెక్కి తెలుగు పల్లెల కోసం ప్రార్థన చేశారు. కొత్త సంవత్సరం, చలి, చీకటి, కొండ! నాలాంటి వాడికి ఇంతకన్నా ఏం కావాలి?

ఒక డిసెంబరు 31న సాక్ష్యాల వేళ లేచి నిలబడ్డాను. ఆ కొండ కథ చెప్పి, ఆ ఊపులోనే, రేపటి నుంచి మా ఇంట్లో తెల్లవారుజామున నాలుగున్నరకి ప్రార్థన, ఏడాది పొడుగునా జరుగుతుంది, అందరూ రావాలని ప్రకటించేశాను. అమ్మతో ఒక్క మాట చెప్పలేదు.

మొదట్లో ఇల్లు చాల్లేదు. పాట నేనే, వాక్యం నేనే, ముగింపు ప్రార్థనా నేనే. నా గొంతు వీధి చివరి దాకా వినపడాలని కిటికీలు బార్లా తెరిపించాను. పండగ దాటింది, చలి ముదిరింది, జనం పలచబడి నలుగురు ఆడవాళ్ళే మిగిలారు. ఒక రాత్రి క్రికెట్ చూస్తూ కూర్చుని ఎప్పుడో పడుకున్నాను. కాసేపట్లోనే గేటు గొళ్ళెం చప్పుడైంది. ఎవరో దగ్గారు. చెప్పులు విప్పుతున్నారు. లేవాలి. లేవలేదు. దుప్పటి నెత్తి మీదికి లాక్కున్నాను. అమ్మ వచ్చి భుజం తట్టింది. జ్వరంగా ఉందమ్మా అన్నాను. నుదుటి మీద చెయ్యి వేసింది. అది చల్లగా ఉందని ఆవిడకీ తెలుసు, నాకూ తెలుసు. ఏమీ అనకుండా వెళ్ళి తలుపు తీసింది. గోడ అవతల పాట మొదలైంది. పాట అయ్యాక ఒక పెద్దావిడ గొంతు, నా పేరు పెట్టి, బిడ్డ ఒంట్లో నలత తీసెయ్యి ప్రభువా అంటోంది. ఆమెన్ అందామంటే నోరు రాలేదు. మర్నాడూ జ్వరమే. ఆ మర్నాడు ఆఫీసు పని. ఆ తర్వాత వాళ్ళే అడగడం మానేశారు. ఆదివారం అయ్యగారు ప్రసంగ పీఠం మీంచి, మన తమ్ముడి ఇంట్లో తెల్లవారుజాము ప్రార్థన ఎంత నమ్మకంగా సాగుతోందో చూడండి అన్నారు. సంఘమంతా నా వైపు తిరిగింది. నేను వినయంగా తల వంచుకున్నాను.

నిద్ర ఆపుకోలేకపోవడం ఎవరికైనా ఉండేదే. ఆ తల వంచుకోవడమే ఇవాళ్టికీ నన్ను గుచ్చుతుంది. కాదండీ, నడిపిస్తున్నది మా అమ్మా, ఆ నలుగురు ఆడవాళ్ళూ అని ఒక్క మాట అని ఉంటే సరిపోయేది. ఆరంభం అందరి ముందూ నాది కావాలి, ఫలమూ నాది కావాలి, నడుమ రోజులు ఎవరైనా మోస్తే బాగుండు. మీలోనూ కొందరికి ఈ జబ్బు ఉండే ఉంటుంది, నన్ను అర్థం చేసుకుంటారు.

ఆ సిగ్గుతోనే ఒంగోలు చరిత్ర మళ్ళీ తీశాను. నేను వేదిక మీద దాటేసిన ఏళ్ళే అందులో ఎక్కువ. ఈ అమెరికన్ బాప్తిస్టు మిషను మొదలైంది 1836లో. 1840 నుంచి నెల్లూరులో పాతుకుని పనిచేసినా మారినవాళ్ళు బహు కొద్దిమంది. 1853లో అమెరికాలోని ఆల్బనీలో కూడిన సభలో, ఇక దీన్ని మూసేద్దామా అన్నదాకా వచ్చింది. ఐదుగురు కొండెక్కింది ఆ మరుసటి జనవరిలో. కొండ దిగాక ఏం జరిగింది? ఏమీ జరగలేదు. క్లౌ దొర అనే మరో మిషనరీ ఒంగోలు వచ్చి కాపురం పెట్టింది 1866లో. ఆ తెల్లవారుజాము మీద మనసు పడ్డ నాకు, దాని తర్వాత గడిచిన పన్నెండేళ్ళు కంటపడనే లేదు. ఈలోగా జ్యూయెట్ దొర ఆరోగ్యం చెడి అమెరికా వెళ్ళాడు, అక్కడ మళ్ళీ మూసివేత మాట వస్తే, ఒంటరిగానైనా తెలుగువాళ్ళ దగ్గరికే తిరిగి వెళ్తానన్నాడు. వచ్చాడు కూడా.

గుండ్లకమ్మ సంగతీ అంతే. 1876-78 కరువులో క్లౌ దొర బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ళు కాంట్రాక్టు తీసుకుని, వేలమందికి కూలీ ఇచ్చి తిండి పెట్టాడు. అప్పుడు బాప్తిస్మం అడిగినవాళ్ళకి ఇవ్వలేదు. గింజల కోసం వచ్చారన్న మాట రాకూడదని, సాయం ఆగిపోయాక కూడా నిలబడేవాళ్ళే కావాలని, పదిహేను నెలలు ఆపాడు. నా చేతిలో ఉంటే రెండో రోజే ఇచ్చేసి, లెక్క రాసి, మైకు ముందు చదివి ఉండేవాణ్ణి.

నీళ్ళలోంచి పైకి వచ్చినవాళ్ళ సంగతి ఇంకా పెద్దది. వాళ్ళలో ఎక్కువమంది మాదిగలు. వాళ్ళకంటే ముందే, 1866లోనే బాప్తిస్మం పొందిన తాళ్ళకొండపాడు ఎర్రగుంట్ల పేరయ్య తోళ్ళ వ్యాపారి. తన ఊళ్ళోవాళ్ళకి చెప్పి, పల్లె పల్లెకీ నడిచి తిరిగి బోధించాడు. ఆదివారం పని చెయ్యం, చచ్చిన గొడ్డు మాంసం తినం, విగ్రహాలకి మొక్కం అన్నవి ఆ విశ్వాసులు పట్టుకున్న కట్టుబాట్లు. ఊరి పెద్దలకి అది కంటగింపైంది. జాతరలో డప్పు కొట్టమంటే రాలేదని కక్ష కట్టారు, బావి దగ్గరికి రానివ్వలేదు. బాప్తిస్మం ఒక్క పూటలో అయిపోయింది. ఆ మాటకి కట్టుబడటం మాత్రం ప్రతి ఆదివారం, ప్రతి జాతరకీ, నీళ్ళు దొరకని ప్రతి పొద్దుటా మళ్ళీ మళ్ళీ చెయ్యాల్సి వచ్చింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. మా తాతముత్తాతలు ఆ మాట మీద నిలబడ్డారు కాబట్టే ఇవాళ నాకో మందిరం, అందులో నిలబడి గొప్పలు చెప్పుకోవడానికో మైకూ ఉన్నాయి.

మా అమ్మ ఈ చరిత్రేమీ చదవలేదు. అన్నం వండేముందు ఎసట్లో పొయ్యబోయే బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి పక్కనున్న పాత డబ్బాలో వేస్తుంది. చుట్టాలొచ్చినా, నెలాఖరైనా, చాలవేమో అనుకున్న రోజైనా సరే, ఆ పిడికెడు పడాల్సిందే. ఆదివారం ఆ మూట మందిరానికి పట్టుకెళుతుంది. దాని గురించి సాక్ష్యం చెప్పడం నేను ఎన్నడూ వినలేదు. నేను ఎగ్గొట్టాక తెల్లవారుజాము ప్రార్థన, నా జ్వరం కోసం ప్రార్థించిన ఆ పెద్దావిడ ఇంటికి మారి, ఆగకుండా అక్కడే సాగుతోంది. ఆవిడ బడిలో మధ్యాహ్న భోజనం వండుతుంది, పొద్దున్నే పొయ్యి దగ్గరికి పోవాలి కాబట్టి ప్రార్థన కుదించి చేస్తారు. చదువు రానివాళ్ళు నోటికొచ్చిన కీర్తన చెబుతారు.

నేనూ ఇప్పుడు అక్కడికి వెళుతున్నాను. తలుపు దగ్గర చాప మీద కూర్చుంటాను. లేవలేని రోజులు ఇంకా ఉన్నాయి. మర్నాడు వెళ్ళినప్పుడు జ్వరమని చెప్పను, నిద్రపోయానని చెబుతాను. ‘సరేలే నాయనా, కూర్చో. ఇవాళ పాట నీ వంతు’ అంటారు.