గోకరకాయ జిగురూ, కేసింగ్ పైపూ

డీజిల్ కలిసిన బురద నా బోరులో పొయ్యనివ్వనని హైదరాబాద్ నల్లకుంటలో మా సందు మధ్య నిలబడి బోరుబండి మేస్త్రీతో పోట్లాడాను. అతని దగ్గర డీజిల్ బురద కాదు గదా, అసలు ఏ బురదా లేదు. ఆ సంగతి అడిగి తెలుసుకునే ఓపిక నాకెక్కడిది? చమురు బావుల మీద చదివిన వ్యాసం అప్పటికే నెత్తికెక్కి కూర్చుంది.

చదివిందేమీ అబద్ధం కాదు. కోనసీమలో చమురు బావి తవ్వుతున్నంతసేపూ గొట్టంలోంచి ‘మడ్’ అనే బురద పంపుతూనే ఉండాలి. అది తవ్వే బిట్‌ను చల్లబరుస్తుంది, రాతిముక్కల్ని పైకి తెస్తుంది, తన బరువుతో అడుగునున్న గ్యాసును అణిచిపెడుతుంది. ఆ పట్టు తప్పితే ఏమవుతుందో 1995 జనవరిలో పాశర్లపూడి చూసింది. బావిలోంచి గ్యాసు ఎగదన్ని అంటుకున్న మంట ఆరేసరికి రెండు నెలలు దాటింది. మడ్‌కు ఆ బరువునిచ్చేది ముగ్గురాయి, మన మంగంపేటలో దొరికేదే. డీజిల్‌తో చేసిన మడ్ నేలకూ నీటికీ చేటని 2005లో కేంద్రం నిషేధించి, నేల మీది చమురు బావుల్లో నీళ్లతో కలిపిందే వాడమంది. అందులో చిక్కదనానికి గోరుచిక్కుడు గింజల జిగురు కూడా వేస్తారు. కొన్నాళ్లకు దాన్ని సూక్ష్మజీవులు తినేస్తాయి. మన గోకరకాయ! ఈ ముక్క దొరికాక నన్ను ఆపేదెవరు?

మేస్త్రీది తమిళనాడులోని తిరుచెంగోడు. నేను గోకరకాయ దాకా వచ్చేసరికి, “ఇక్కడ అంతా రాయి సార్. గాలి కొడతాం, అంతే” అన్నాడు. నిజమే. హైదరాబాద్ కింద ఉన్నది దాదాపు 250 కోట్ల ఏళ్లనాటి గ్రానైటు. దాని గోడ కూలదు, నిలబెట్టడానికి మడ్ అక్కర్లేదు. కంప్రెసర్ గాలి హామర్‌ను ఆడిస్తుంది, ఆ గాలే రాతిపొడిని పైకి చిమ్ముతుంది. మహా అయితే కాసిని నీళ్లు, కాస్త సబ్బులాంటి నురగ. అంత పట్టింపున్నవాణ్ణి ఆ నురగ డబ్బా మీద ఏం రాసుందో చదవాలి. చదవలేదు, అలిగాను.

ఆ అలకలోనే కేసింగ్ మాట వచ్చింది. పైన మట్టీ మెత్తరాయీ ఉన్నంత మేరా పైపు దింపి గట్టిరాయిలో కూర్చోబెట్టాలి, చుట్టూ సందును సిమెంటుతో మూయాలి. “ఇంకో ఇరవై అడుగులు వేద్దాం సార్, పక్కనే డ్రైనేజీ ఉంది” అని అతనే చెప్పాడు. బిల్లు పెంచే ఎత్తనుకున్నాను. అడుగుకింత అని లెక్కేసుకుని వద్దన్నాను. సిమెంటు ఊసే ఎత్తలేదు.

నీళ్లు పడ్డాయి. వానలు మొదలయ్యేదాకా బాగానే ఉన్నాయి. తర్వాత బకెట్లో మురుగు వాసన. చూడ్డానికొచ్చినాయన పైపు చుట్టూ ఉన్న సందు చూపించాడు; పైనుంచి దిగుతున్నది దిగినట్టే బోరులో కలుస్తోందట. మా ఆవిడ అంతా విని, “గోకరకాయ గురించి అంతసేపు చెప్పారు కదండీ, ఒక్క సిమెంటు బస్తా తెప్పించలేకపోయారా?” అంది.