ప్లీడరు గారు, ఎమ్మెల్యే గారు, జడ్జి గారు

మా రోజుల్లో ఆత్రేయపురంలో గట్టు తగాదా వచ్చినా, అన్నదమ్ముల మధ్య వాటాల పేచీ వచ్చినా కాగితాలు సంచిలో పెట్టుకుని, బొబ్బర్లంక మీదుగా రాజమండ్రి వెళ్లి ప్లీడరు గారి అరుగు మీద కూర్చునేవాళ్లం. ఎవరి కౌలు ఎంత బాకీ, ఎవరి పొలం ఎవరికి తాకట్టు, ఊరూరి కష్టం ఆయనకు తెలిసేది. అలాంటివాళ్లే ఎన్నికల్లో నిలబడేవారు. రాజమండ్రి కోర్టులో సెకండ్ గ్రేడ్ ప్లీడరుగా వాదించిన టంగుటూరి ప్రకాశం పంతులు గారు 1953లో ఆంధ్ర రాష్ట్రానికి తొలి ముఖ్యమంత్రి అయ్యారు.

ఇప్పుడు శాసనసభలో చట్టం చదివినవాడిని వెతుక్కోవాలి. కాంట్రాక్టర్లకూ, స్థలాల వ్యాపారులకూ టిక్కెట్లిస్తే బిల్లులోని క్లాజు ఎవరు చదువుతారు?

ప్లీడరు నుంచి ఎమ్మెల్యే, అక్కణ్ణుంచి జడ్జి అయినవాళ్లూ ఉన్నారు. జస్టిస్ కె. పున్నయ్య గారి పేరు ఈ తరంలో ఎంతమందికి తెలుసు? శ్రీకాకుళం జిల్లా దళిత కుటుంబంలో పుట్టి, వకీలై, 1950ల్లో శాసనసభకు గెలిచి, తర్వాత హైకోర్టు న్యాయమూర్తి అయ్యారు. రిటైరయ్యాక పడక్కుర్చీలో కూర్చోలేదు. అంటరానితనం మీద, ఎస్సీ ఎస్టీలపై అత్యాచారాల మీద ప్రభుత్వం ఏకసభ్య కమిషన్ వేస్తే, ఆ వయసులో ఊళ్లు తిరిగి బాధితుల గోడు విన్నారు. టీ కొట్లో వేరే గ్లాసు, గుడి గడప దగ్గర అడ్డు, అన్నీ రాసుకున్నారు. 2003లో రాష్ట్రానికి ఎస్సీ ఎస్టీ కమిషన్ చట్టం వచ్చిందంటే ఆ నివేదిక చలవే. మాజీ ప్రధాన న్యాయమూర్తి వెంకటాచలయ్య గారి రాజ్యాంగ సమీక్ష కమిషన్‌లోనూ ఆయన సభ్యులు.

పార్టీ మనిషిని జడ్జిని చేస్తే పక్షపాతం రాదా అని మా మనవడు అడుగుతాడు. వాడికి కృష్ణయ్యర్ గారి సంగతి చెప్పాను. తలశ్శేరి వకీలు, 1957లో కేరళ కమ్యూనిస్టు ప్రభుత్వంలో మంత్రి, 1973లో సుప్రీంకోర్టు జడ్జి. 1975 జూన్ 24న తన ఎన్నిక చెల్లదన్న హైకోర్టు తీర్పు మీద సాక్షాత్తూ ప్రధాని ఇందిరా గాంధీ గారు అడిగినా పూర్తి స్టే ఇవ్వలేదు. పార్లమెంటుకు వెళ్లవచ్చు, ఓటు మాత్రం వేయకూడదన్నారు. మరునాటి రాత్రే ఎమర్జెన్సీ!

ఇప్పుడు దారి తిరగబడింది. 2020లో ఒక మాజీ ప్రధాన న్యాయమూర్తి రిటైరైన నాలుగు నెలలకే రాజ్యసభకు నామినేట్ అయ్యారు. మన రాజమండ్రివారే అయిన కోకా సుబ్బారావు గారూ 1967లో ప్రధాన న్యాయమూర్తి పదవి వదిలి రాష్ట్రపతి పదవికి పోటీ చేశారు. అదీ నాకు నచ్చలేదు. కానీ ఆయన ప్రతిపక్షాల తరఫున నిలబడి ఓడారు, ఏలేవాళ్లు ఇచ్చిన కుర్చీ ఎక్కలేదు. జడ్జి పదవి దిగినవాళ్లకు కొన్నేళ్లపాటు ఏ ప్రభుత్వ పదవీ ఇవ్వకూడదని చట్టం రావాలి.

ఈసారి ఓటడగడానికి మీ గుమ్మంలోకి వచ్చినవాణ్ణి కులం, డబ్బు సంగతి వదిలేసి, ఒక్క బిల్లైనా పూర్తిగా చదివావా నాయనా అని అడగండి.