చూసి నేర్చుకోండి

1983 జనవరి 9న ఎన్.టి.రామారావు గారు ముఖ్యమంత్రి అయ్యారు. నెల తిరిగేసరికి జీవో వచ్చింది. ప్రభుత్వోద్యోగుల పదవీ విరమణ వయసు 58 నుంచి 55కి దిగింది. అప్పటికే 55 నిండినవాళ్లంతా ఫిబ్రవరి 28 సాయంత్రానికి కుర్చీలు ఖాళీ చేయాలి. కుర్రాళ్లకు ఉద్యోగాలు రావాలంటే పెద్దవాళ్లు తప్పుకోవాలన్నది సర్కారు వాదన. ఆ ఒక్క దెబ్బకు ప్రభుత్వోద్యోగులే 18 వేల మందికి పైగా ఇంటిదారి పట్టారు. జీవో తెచ్చిన ముఖ్యమంత్రి గారికి అప్పుడు 59 ఏళ్లు. ఆ సంగతి టీ బడ్డీల దగ్గర అందరూ అనుకున్నారు గానీ, ఫైలు మీద రాసే ధైర్యం ఎవరికుంటుంది?

గోదావరి ఒడ్డున ఒక ఆర్డీవో ఆఫీసు. ఆ సాయంత్రం అక్కడ దిగిపోయినవాళ్లలో ఒక సూపరింటెండెంటు గారున్నారు. 55 నిండి నెల కాలేదు. దండ వేశారు, శాలువా కప్పారు, ఫొటో తీయించారు. "ఇక హాయిగా కృష్ణా రామా అనుకోండి" అన్నారు. ఆయనకి ఇంకా ఇద్దరాడపిల్లల పెళ్లిళ్లు మిగిలున్నాయి.

జీతం ఆగిపోయింది కాబట్టి వీధివైపు గది అద్దెకిచ్చారు. ఏడాది తిరిగాక అందులో దిగినవాడు, అదే ఆఫీసులో కొత్తగా చేరిన జూనియర్ అసిస్టెంటు. డిగ్రీ ఫస్టు క్లాసు, చేతిరాత ముత్యాల కోవ. భూమి లెక్కల్లో మాత్రం ఓనమాలు రావు. అతన్ని అనడానికీ లేదు. డైగ్లాట్ రిజిస్టరులో ఏ గడి ఏం చెబుతుందో, ఎఫ్ఎంబీ పటంలో గీతలు ఎలా చదవాలో పరీక్ష పుస్తకాల్లో ఉండదు. పక్కసీటు పెద్దాయన వేలు పెట్టి చూపించాలి. పక్కసీటు ఖాళీ. దానికి తోడు 1984 జనవరిలో కరణాలు, మునసబుల పదవులు కూడా రద్దయ్యాయి. ఏ లంక ఏ వరదకి కోసుకుపోయిందో, మళ్లీ ఎన్నేళ్లకి ఏ గట్టున మేట వేసిందో కాగితం చూడకుండా చెప్పే మనిషి ఊళ్లోనూ లేకుండా పోయాడు.

కొత్త ఆర్డీవో గారు నేరుగా డిప్యూటీ కలెక్టరుగా ఎంపికై వచ్చినవారు. ముప్పై నిండలేదు. మనిషి చెడ్డవాడు కాదు, తొందర మనిషి. కుర్రాడు పెట్టిన మొదటి ఫైళ్లన్నీ ఎర్రసిరాతో తిరిగొచ్చాయి. ఒకదాని మీదయితే "ఇది నోటా, ఉత్తరమా?" అని రాశారు.

రెండు నెలలు గడిచేసరికి సీను మారింది. కుర్రాడు సాయంత్రం ఫైలు ట్యాగు బిగించి చేతిసంచిలో పెట్టుకుని వెళ్లేవాడు. పొద్దున్నే నోటుతో సహా పుటప్ చేసేవాడు. ఫైళ్లు ఇంటికి తీసుకెళ్లకూడదని రూలుంది. పని మీద శ్రద్ధ కదా అని ఆర్డీవో గారు చూసీ చూడనట్టు ఊరుకున్నారు. నోట్లు కూడా అలాగే ఉండేవి మరి. అర్జీదారు అడిగిందేమిటి, రికార్డు చెబుతున్నదేమిటి, ముడి ఎక్కడ పడింది, ఎలా విప్పొచ్చు. నాలుగే పేరాలు, ఒక్క మాట ఎక్కువుండదు. ఆర్డీవో గారు కామా కూడా మార్చకుండా సంతకం పెట్టేవారు. ఒక లంకభూమి తగాదా మీద రాసిన నోటయితే ఆయనకి ఎంత నచ్చిందంటే, సైక్లోస్టైలు తీయించి అన్ని సీట్లకీ పంచారు.

"యువరక్తమంటే ఇదీ! పాతవాళ్లు ముప్పయ్యేళ్లలో నేర్వలేనిది ఇతను మూడు నెలల్లో పట్టేశాడు" అన్నారు స్టాఫ్ మీటింగులో. కుర్రాడు తల వంచుకున్నాడు. వినయం అనుకున్నారంతా.

ఈలోగా కోర్టుల్లో వేరే కథ నడిచింది. 1984 ఆగస్టులో, నాదెండ్ల భాస్కరరావు గారి నెలరోజుల ప్రభుత్వం వయసును మళ్లీ 58 చేసింది. వెళ్లిపోయినవాళ్లను మాత్రం పిలవలేదు. 1985 జనవరిలో సుప్రీంకోర్టు అసలు తగ్గింపే సబబని తీర్పిచ్చింది. ఆ న్యాయమూర్తులు దిగేది 65కి. అదే ఏడాది ఆగస్టులో ఇంకో తీర్పు వచ్చింది. అలా పిలవకుండా వదిలేసినవాళ్లలో అక్టోబరు ఆఖరుకి 58 నిండనివాళ్లను తిరిగి తీసుకోవాలంది.

మన సూపరింటెండెంటు గారికి ఫిబ్రవరి దాకా సర్వీసు మిగిలింది. చేరనైతే చేరారు గానీ, పాత కుర్చీలో వేరే మనిషున్నాడు. బీరువా పక్కన ఒక బల్ల వేసి, మీద ఒక పాత ఫైలు పడేశారు.

రెండోరోజు ఆయన నోటు రాసి పంపారు. గంటలో పిలుపొచ్చింది. ఆర్డీవో గారు కూర్చోమనలేదు.

"ఏమండీ, మీ కాలం రాతలు ఇప్పుడు నడవవు. ఈ సాగదీత ఎవరు చదువుతారు?"

ఆ నోటులో ఉన్నవీ నాలుగు పేరాలే.

"మీరు పెద్దవారు, నొప్పించాలని కాదు. వయసు మీదపడ్డాక కొత్త పద్ధతి పట్టుబడటం కష్టమే. ఇదిగో, ఇది చదవండి. మొన్న మొన్న చేరిన కుర్రాడు రాసింది. చూసి నేర్చుకోండి" అంటూ సొరుగులోంచి సైక్లోస్టైలు కాగితాలు తీసిచ్చారు.

ఫైళ్ల కోసం ఆ గదిలోకే వచ్చిన కుర్రాడు బీరువా తలుపు తీసి, దాని వెనక ఏదో వెతకడం మొదలుపెట్టాడు. ఎంతకీ దొరకడం లేదు.

పెద్దాయన కళ్లజోడు తుడుచుకుని, కాగితాలు వెలుగుకి పట్టుకుని, మొదటి మాట నుంచి ఆఖరిదాకా తాపీగా చదివారు. మడిచి బల్ల మీద పెట్టారు.

"చాలా బాగా రాశాడండి. కాకపోతే మూడో పేరాలో సర్వే నంబరు 214 ఉండాలి, 241 అని పడింది. వాణ్నేం అనకండి బాబూ, ఆ రాత్రి మా ఇంట్లో కరెంటు పోయింది."