వంజరానికీ ఒక చిరునామా

తపాలా శాఖ డిజిటల్ యుగంలోకి రాలేదని ఇక ఎవరూ నోరెత్తడానికి లేదు. 2025 మేలో డిజిపిన్ దిగింది. ఐఐటీ హైదరాబాద్, ఇస్రో వారి ఎన్‌ఆర్‌ఎస్‌సీ సాయంతో దేశాన్ని సుమారు నాలుగు మీటర్ల గళ్లుగా కోసి, గడికో పదక్షరాల కోడ్ తగిలించారు. నేలతో ఆగలేదు, మన సముద్ర జలాలనూ లెక్కలో వేశారు. మైపాడు ఒడ్డు దాటాక వల విసిరే చోటుకీ చిరునామా ఉందన్నమాట. వంజరానికి ఇక నిక్షేపంగా ఉత్తరం రాసుకోవచ్చు, అది గడి మారకుండా ఉంటే.

1972 నాటి పిన్‌కోడ్‌కి ఉన్నవి ఆరంకెలే. అవి ఉత్తరాన్ని ఊరి పోస్టాఫీసు దాకా తెచ్చేవి, మిగతాది పోస్టుమాన్ చూసుకునేవాడు. పాలెంలో ఇంటిపేరూ ఒంటిపేరూ కలిసిన నలుగురుంటే, ఎవరు ఏ బోటు మీద పోతారో, ఎవరి కూతురు కాన్పుకొచ్చిందో ఆయనకు తెలుసు. డిజిపిన్‌కి గడి తెలుసు, మనిషి తెలియదు. 2004 సునామీ తర్వాత ఒడ్డు వదిలి కొత్త కాలనీకి పోయినవాళ్ల పాత గుడిసె చోటుకి ఇప్పుడు కోడ్ వచ్చింది. అక్కడ డెలివరీ తీసుకోవాల్సింది పీతలే.

ఇండియా పోస్ట్ పేమెంట్స్ బ్యాంకు కథ ఇంకా ముచ్చటైంది. 2018లో బ్యాంకే గడపలోకి వస్తుందన్నారు. వచ్చింది. రొయ్యలు వలిచి వలిచి అరిగిపోయిన వేలు యంత్రం మీద పెడితే, ‘నువ్వు నువ్వు కాదు పో’ అంది. వేలు తుడుచుకో పెద్దమ్మా, బొటనవేలు పెట్టు, ఈసారి ఎడమచెయ్యి... యంత్రం కరుణించేలోపు సిగ్నల్ పాయె! 2025లో దీనికీ విరుగుడు కనిపెట్టారు: ముఖం చూసి గుర్తుపట్టడం. ఆహా! పోస్టుమాన్ ఆ పని మొదట్నుంచీ చేస్తూనే ఉన్నాడు, ఆయన గుర్తుపడితే చెల్లదంతే.

తుపాను వేళ అంబులెన్సుకో, ఆపదలో పడిన బోటుకో కోడ్ పనికొస్తుంది, కాదనను. కానీ తపాలాను బాగుచేస్తున్నామంటూ అది చూపిస్తేనే ఒళ్లు మండుతుంది. పల్లెలో ఆ సంచీ మోసేది గ్రామీణ డాక్ సేవక్. కాగితం మీద నాలుగైదు గంటల కొలువు, చేతికొచ్చేదాన్ని జీతం అనకూడదట, అలవెన్సు అనాలి. దేశమంతా గళ్లు గీసిన శాఖకి, ఆయన్ని పెట్టడానికి రెగ్యులర్ ఉద్యోగుల పట్టికలో ఒక్క గడి దొరకలేదు. ఆ గడి గీయడానికి ఉపగ్రహం అక్కర్లేదు, ఢిల్లీలో ఒక సంతకం పెడితే సరి.